‘కాలయంత్రము’ – రచనాక్రమము, ప్రచురణచరిత్ర

ఒక గ్రంథమును విమర్శింపబూనినవారు సామాన్యముగా దాని తుదిపాఠమునే ప్రమాణముగా గైకొందురు. ఆ గ్రంథము ఎన్నిమారులు వ్రాయబడినది, ఏ పత్రిక దానిని స్వీకరించినది, ఏ సంపాదకుడు త్రోసిపుచ్చినాడు, ఏ భాగము ఎవరి కోరికపై చేరినది, ఏది తరువాత తొలగినది అను విషయములు గ్రంథకర్త జీవితచరిత్రకు చెందినవేగాని విమర్శకు చెందినవి కావని పెక్కుమంది తలంపు. ఈ తలంపు అన్నియెడల సరికాదని మేము భావించుచున్నాము. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1897 నాటి కూర్పును, 1909 నాటి కూర్పును ప్రక్కప్రక్కన నుంచుకొని చదివినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు. మొదటి కూర్పు మనకు దక్కియుండనిచో రెండవ కూర్పున కవి చేసిన పని యెంతటిదో పూర్తిగా తెలిసియుండెడిది కాదు. అట్టి పరిశీలనమునకు తగిన గ్రంథ మొకటి ఆంగ్లమున కలదు. అది హెచ్. జి. వెల్సు రచించిన ‘ది టైమ్ మెషిన్’. దానిని ఈ వ్యాసమున ‘కాలయంత్రము’ అని వ్యవహరింతుము.

ఈ గ్రంథము 1895 మే నెలలో వెలువడినది. అప్పటికి గ్రంథకర్త వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరములు. ఒక వేసవిలో, కొలది వారములలో, అతడు దీనిని వ్రాసి ముగించెనని ఒక ప్రతీతి కలదు. అది అర్ధసత్యము. ఈ కథ మొదటి అచ్చురూపమునకును గ్రంథరూపమునకును నడుమ ఏడు సంవత్సరములు గడచినవి. యంత్ర మెక్కి కాలమున సంచరించుట యను మూలకల్పన మొదటి రూపముననే యున్నది. అట్లయినచో ఆ ఏడేండ్లును గ్రంథకర్త వెదకిన దేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా ఉద్దేశము.

వెల్సు 1866లో కెంటు మండలమందలి బ్రామ్లీలో జన్మించెను. తండ్రి చిన్న దుకాణదారుడు, క్రికెట్టు ఆటగాడు. తల్లి ఒక జమీందారీ భవనమున గృహనిర్వాహకురాలు. బట్టల కొట్టులో పని నేర్చుటకు చేరి, ఇష్టములేక మాని, ఉపకారవేతనము సంపాదించి 1884లో లండనునందలి నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్సున ప్రవేశించెను. అచట టి. హెచ్. హక్స్లీకి ఒక సంవత్సరము శిష్యుడయ్యెను. 1886లో తోడి విద్యార్థులతో గలిసి ‘సైన్స్ స్కూల్స్ జర్నల్’ అను పత్రికను నెలకొల్పెను. ఆ పత్రికయందే 1888 ఏప్రిల్, మే, జూన్ సంచికలలో ‘ది క్రానిక్ ఆర్గొనాట్స్’ అను కథ మూడు భాగములుగా వెలువడి, ముగియకయే నిలిచిపోయినది. ‘కాలయంత్రము’నకు ఇదియే ప్రథమరూపము.

ఇందలి నాయకుడు డాక్టర్ నెబోగిప్ఫెల్ అను విచిత్రపురుషుడు. అతడు వేల్సు దేశపు పల్లె యొకదానికి వచ్చి, పాడుపడిన ఇంట నివసించుచు యంత్రనిర్మాణము చేయుచుండును. గ్రామస్థు లతనిని మాంత్రికునిగా భావించి ఇంటిపై బడుదురు. అతడు ఊరి మతాచార్యునితో గూడ యంత్రముపై అదృశ్యుడగును. కథలో అధికభాగము గ్రామస్థుల భయమునకును, నాయకుని వింతరూపమునకును వినియోగింపబడినది. యంత్రమున్నది, అది కదలుటయు నున్నది. కాని భావికాల మెట్లుండునో పాఠకునకు గోచరింపదు. యాత్రా వృత్తాంతము చెప్పబడవలసిన చోటనే రచన నిలిచిపోయినది. గ్రంథకర్తకు యంత్రము దొరకినది గాని ఆ యంత్రముతో చూడవలసిన లోకము దొరకలేదని దీనివలన తేలుచున్నది.

కాలభేదమును గూర్చిన కల్పన మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. భాగవత నవమస్కంధమున రైవతుడు తన కుమార్తె రేవతికి తగిన వరుని గూర్చి అడుగుటకై బ్రహ్మలోకమున కేగి, క్షణకాలము నిలిచి మాటలాడునంతలో భూలోకమున ఇరువదియేడు మహాయుగములు గడచిపోవును. పోతన భాగవతమును చదివినవారెల్లరు ఈ కథ నెరుగుదురు. అచట కాలము రాజునకు తెలియకయే జరిగినది. అతడు కోరినదియు కాదు. వెల్సు కథలో మానవుడు తానే కోరి, తాను నిర్మించిన మీటను త్రిప్పి, కాలమున ముందునకు పోవును. అనగా చూచిన దానికి అతడే బాధ్యుడు, అతడే సాక్షి. అట్టి సాక్షి చేత ఏమి చెప్పింపవలెను, ఎట్లు చెప్పింపవలెను అనునది 1888లో తేలని సమస్య.

ఇక రెండవ దశ. కాలము నాలుగవ పరిమాణమను భావమును వెల్సు విడువలేదు. 1891లో ‘ది యూనివర్స్ రిజిడ్’ అను వ్యాసమును ‘ఫోర్ట్నైట్లీ రెవ్యూ’కు పంపగా సంపాదకుడు ఫ్రాంక్ హారిస్ దానిని అచ్చునకు కూర్చిన పిమ్మట, అర్థము కాలేదని, ప్రకటింప నిరాకరించెను. ఈ నిరాకరణము మేలే చేసినదని మా అభిప్రాయము. వ్యాసముగా అంగీకరింపబడని ఆ భావము కథకు ప్రస్తావనగా మారవలసివచ్చెను. గ్రంథములోని మొదటి అధ్యాయమున మిత్రులయెదుట జరుగు పరిమాణచర్చ ఆ వ్యాసపు వారసత్వమే. ఆ చర్చయందు అమెరికా పండితుడు సైమన్ న్యూకోంబు ఇటీవల చేసిన యుపన్యాస మొకటి ప్రస్తావింపబడినది. ఆ యుపన్యాసము 1893 డిసెంబరునాటిది. కావున ఆ వాక్యములు అంతకు పూర్వపువి కాజాలవు. గ్రంథము ఒక్క పోతగా పోసినది కాదనుటకు ఈ అంతస్సాక్ష్యము చాలును.

1893లో వెల్సు రక్తము కక్కుకొని మంచము పట్టెను. తరగతిలో పాఠములు చెప్పుట విడిచి, పత్రికారచనయే జీవికగా జేసికొనెను. 1894 మార్చి మొదలు జూన్ వరకు డబ్ల్యు. ఇ. హెన్లీ సంపాదకత్వమున నడచుచున్న ‘నేషనల్ అబ్జర్వర్’ పత్రికలో కాలసంచారమును గూర్చి ఏడు రచనలు ప్రకటించెను. వానిపై పేరు లేదు. ఇందు నెబోగిప్ఫెల్ లేడు, పల్లె లేదు, గుంపు లేదు. మిత్రగోష్ఠి వచ్చినది, భావిలోకము వచ్చినది. కాని ఆ లోకము క్రీ. శ. 12,203వ సంవత్సరమునకు చెందినది. కథకుడు చెప్పుచుండగా శ్రోతలు మాటిమాటికి అడ్డు తగులుచుందురు. ప్రతివిషయము వాదమునకు లోనగును. ఇవి కథారూపము ధరించిన వ్యాసములేగాని కథలు కావు. వారపత్రికలో ఒక్కొక్కటి వేరువేరుగా చదువబడవలసిన రచనలకు ఈ పద్ధతి తగినదే కావచ్చును. కాని శ్రోత అడ్డు తగిలిన ప్రతిమారును పాఠకుడు భావికాలమునుండి లండను గదిలోనికి మరలి వచ్చుచుండును.

ఇంతలో హెన్లీ ఆ పత్రికను విడిచెను. క్రొత్త సంపాదకునకు ఈ రచనలపై ఆసక్తి లేకపోయెను. వెల్సు ఆ వేసవిలో సెవెనోక్సు అను ఊర అద్దెగదులలో నుండెను. ఇతర పత్రికలకు పంపు వ్యాసములకు గిరాకి తగ్గినది; చేతిలో ధనము లేదు. దీపమునకు చమురు ఎక్కువ ఖర్చగుచున్నదని ఇంటి యజమానురాలు తోటలో నిలిచి పొరుగువారితో సణుగుచుండగా, తెరచిన కిటికీకడ కూర్చుండి రాత్రివేళ తాను కథ వ్రాసితినని అతడు 1934 నాటి ఆత్మకథలో చెప్పుకొనినాడు. హెన్లీ ‘న్యూ రెవ్యూ’ అను మాసపత్రికను చేపట్టి, ఈ కథను నూరు పౌనులకు స్వీకరించి, 1895 జనవరి మొదలు మే వరకు ప్రకటించెను. ధారావాహిక ముగియకమునుపే, ఆ మార్చిలో, ‘రివ్యూ ఆఫ్ రివ్యూస్’ గ్రంథకర్తను ప్రతిభాశాలిగా కొనియాడెను.

ఈ రూపమున జరిగిన మార్పులలో రెండు ముఖ్యములు. మొదటిది కాలదూరము. పన్నెండువేల సంవత్సరమునకు మారుగా 8,02,701వ సంవత్సరము వచ్చినది. ఎలోయ్, మోర్లాక్ అను రెండు జాతులుగా మానవుడు చీలిపోవుటకు వలయు దీర్ఘకాలము అప్పుడే లభించినది. హక్స్లీ శిష్యుడు జీవపరిణామమునకు తగిన కాలము నీయక తప్పదు. రెండవది కథనరీతి. కాలయాత్రికుడు తన కథ నారంభించుటకు ముందు, నడుమ ఎవరును అడ్డు రారాదని మిత్రులచే ఒప్పించుకొనును. 1894 నాటి పాఠము నెరుగనివారికి ఇది అలసిన మనుష్యుని సహజమైన కోరికగా మాత్రమే తోచును. ఆ పాఠము నెరిగినవారికి ఇది రచయిత తన పూర్వలోపమును తానే దిద్దుకొనిన స్థలముగా గనబడును. శ్రోతల నోరు కట్టువడిన పిమ్మట వాద మెక్కడికి పోయినది? అది కథకుని మనస్సులోనికి పోయినది. తాను చూచినది సర్వసమానమైన సుఖరాజ్యమని యాత్రికుడు మొదట ఊహించును, తరువాత అది తప్పని గ్రహించును, మరియొక ఊహ చేయును, అదియు చెడును. తుదకు భూగర్భమందలి మోర్లాకులకు పైనున్న సుకుమారులు ఆహారమగుచున్నారను ఘోరసత్యము తెలియును. మునుపు ఇతరులు వేసిన ఆక్షేపణలను ఇప్పుడు అనుభవమే వేయుచున్నది. వ్యాసము కథగా మారిన రహస్య మిదియేనని మేము భావించుచున్నాము.

సంపాదకుని ప్రమేయమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. మానవజాతి అంతిమపతనమును మరికొంత వర్ణింపుమని హెన్లీ కోరగా, వెల్సు ఒక ఘట్టమును వ్రాసి మే సంచికలో చేర్చెను. యాత్రికుడు మోర్లాకులనుండి తప్పించుకొని ముందుకాలమునకు పోవగా, కంగారువలె గెంతు చిన్న బూడిదవన్నె జంతువులు కనబడును. ఒకదానిని రాతితో కొట్టి పరీక్షింపగా, అది మానవుని సంతతియేమో యను శంక అతనికి పొడమును. అంతలో జెఱ్ఱిని బోలిన మహాజంతు వొకటి పైబడ వచ్చును. హైనెమన్ సంస్థవారు ప్రకటించిన గ్రంథమున ఈ ఘట్టము లేదు. గ్రంథమును హెన్లీకే అంకితమిచ్చిన రచయిత, హెన్లీ కోరి వ్రాయించిన భాగమును మాత్రము తీసివేసెను.

ఈ తొలగింపు సమంజసమేనా? కాదనువారి వాదము బలము లేనిది కాదు. ఎలోయ్, మోర్లాకుల యుగమునకును, ఎఱ్ఱని సూర్యునిక్రింద మహాకర్కటకములు ప్రాకు నిర్జన సముద్రతీరమునకును నడుమ మానవుడేమయ్యెనో చెప్పునది ఆ ఘట్ట మొక్కటియే. అది లేనందున పరిణామశృంఖలలో ఒక కడియము తెగినది. శాస్త్రదృష్టితో చూచినచో ఇది లోపమే. అయినను మేము గ్రంథకర్త పక్షముననే నిలుతుము. రాతితో కొట్టి, కాలివ్రేళ్లు లెక్కించి, ఇది మానవుడేనని శంకించుట ప్రదర్శనశాలలో చేయదగిన పని. తుదిపాఠమున యాత్రికుడు సముద్రతీరమున దిగినప్పుడు మానవుని పేరైనను వినబడదు. అతని గతిని గూర్చి ప్రశ్నించువాడును లేడు. ముప్పది మిలియను సంవత్సరముల కవ్వల గ్రహణచ్ఛాయ కమ్మి, మంచు కురియుచుండగా పాఠకునకు కలుగు దుఃఖము ఆ మౌనమువలన కలిగినదే. జంతువుగా మారిన మానవుని చూచినచో జుగుప్స కలుగును. ఏమియు మిగులనిచో శోకము కలుగును. గ్రంథమునకు అంగిరసము శోకమైనపుడు జుగుప్సను తొలగించుట ఔచిత్యమే.

ఇంకొక చిక్కు కలదు. ఆ మే నెలలోనే న్యూయార్కున హెన్రీ హోల్టు సంస్థవారు వేరొక పాఠమును, లండను ప్రతికంటె కొంచెము ముందుగా, ప్రకటించిరి. అది పూర్వపు వ్రాతప్రతి ననుసరించినది. దాని ప్రారంభమే వేరు. ముఖపత్రమున గ్రంథకర్త పేరు ‘హెచ్. ఎస్. వెల్స్’ అని తప్పుగా పడినది. 1924 నాటి అట్లాంటిక్ కూర్పున రచయిత అధ్యాయవిభాగమును మార్చి, శీర్షికలను తీసివేసెను. ముందుగా అచ్చయినదే మూలమనువారు హోల్టు ప్రతిని, రచయిత కడపటి సమ్మతియే ప్రమాణమనువారు 1924 నాటి ప్రతిని గైకొనవలసివచ్చును. సంవత్సరముల లెక్క పాఠనిర్ణయమునకు చాలదని ఇందువలన స్పష్టము. ప్రతిమార్పునకు హేతువును వెదకి, రసదృష్టితో తూచవలెను.

తన ప్రథమరూపముపై వెల్సునకు గౌరవము లేదు. 1888 నాటి సంచికలు దొరకినంతవరకు కొని నాశము చేసెనని ప్రతీతి. 1931లో వ్రాసిన పీఠికలో ‘కాలయంత్రము’ను సైతము విద్యార్థిదశకు చెందిన రచనగా అతడు చులకన చేసినాడు. రచయితకు తన లేతవ్రాతలను దాచుకొను హక్కు లేదని మేము అనము. కాని ఆ సంచికలు పూర్తిగా నశించియున్నచో, ‘కాలయంత్రము’ ఒక వేసవిలో ఊడిపడిన అద్భుతముగానే నిలిచిపోయెడిది. దారిద్ర్యము, రోగము, నిరాకరణము వీనినడుమ ఒక యువకుడు తన తప్పును తాను ఏడేండ్లు దిద్దుకొనుచు పోయెనను సత్యము మరుగుపడియుండెడిది. క్రొత్తగా కలము పట్టువారికి అద్భుతముకంటె ఈ సత్యమే ఎక్కువ ఉపకరించును.

మన భాషయందును పెక్కు నవలలు, నాటకములు పత్రికలలో మొదట వెలువడి, పిదప మార్పులతో గ్రంథములైనవి. పరిశోధకులు తుదికూర్పు చేతికి వచ్చినదని తృప్తిపడక, ఆ పత్రికల పాతసంచికలను వెదకి, పాఠములను సరిపోల్చవలెను. తాళపత్రములకు చూపుచున్న శ్రద్ధలో కొంతయైనను పాత మాసపత్రికలకు చూపుట యుక్తము. ఏ సంచికలో ఏ కథకు తొలిరూప మున్నదో, చెదలు పట్టకమునుపే చూడవలసియున్నది.