సిలిండర్లు ఎవరు మోశారు?

సమీక్ష: 'పూర్ణ' (హిందీ చిత్రం, 2017). దర్శకుడు: రాహుల్ బోస్

కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు దగ్గర వాట్‌గంజ్ అనే పేట ఉంది. అక్కడ కొందరు తెలుగు పిల్లలతో కలిసి ఈ సినిమా చూశాను. చివర్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి మాత్రం, "సార్, ఆ ఆక్సిజన్ సిలిండర్లన్నీ పైకి ఎవరు మోశారు?" అని అడిగింది. వాళ్ళ తాత రేవులో బస్తాలు మోసిన మనిషి. ఆ ప్రశ్నకు సినిమాలో సరైన జవాబు దొరకదు.

కథ మీలో చాలామందికి తెలిసిందే. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. 2014 మే 25న, ఇంకా పద్నాలుగేళ్ళు నిండకుండానే, ఎవరెస్టు శిఖరం చేరింది. మరో గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలోనే శిఖరం చేరాడు. పూర్ణ పాత్రలో అదితి ఇనాందార్ ఎంతో సహజంగా ఒదిగిపోయింది. ఊళ్ళోని పేదరికం, బాల్యవివాహాల భయం, భువనగిరి గుట్ట మీద తొలి పాఠాలు మనసుకు హత్తుకుంటాయి. కానీ హిమాలయాలకు చేరేసరికి, అన్నిటికీ ధైర్యం ఒక్కటే కారణమన్నట్టుగా కథ నడుస్తుంది. సైన్సు విద్యార్థులైన మీరు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

వాట్‌గంజ్ ఉన్నది సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే. అక్కడ వాయుపీడనం దాదాపు 760 మిల్లీమీటర్ల పాదరసం. 8,849 మీటర్ల ఎవరెస్టు మీద అది సుమారు 250. గాలిలో ఆక్సిజన్ వంతు రెండు చోట్లా 21 శాతమే అయినా, పీడనం పడిపోవటం వల్ల ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ మూడో వంతుకు తగ్గుతుంది. అందుకే యాత్రికులు వారాల తరబడి కొంత ఎక్కుతూ, మళ్ళీ దిగి నిద్రిస్తూ శరీరాన్ని అలవాటు చేస్తారు. శ్వాస వేగం, రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. 8,000 మీటర్లు దాటాక ఈ సర్దుబాటు కూడా చాలదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 4 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ల పీడనంతో ఆక్సిజన్ నింపారనుకోండి. బాయిల్ సూత్రం ప్రకారం అది సుమారు 1,200 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వాడితే 10 గంటలు వస్తుంది. ఉత్తరం దారిలో చివరి శిబిరం సుమారు 8,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి శిఖరానికి వెళ్ళి తిరిగి రావటానికి ఈ ఒక్క సిలిండర్ చాలకపోవచ్చు. రాత్రి నిద్రకూ ఆక్సిజన్ కావాలి. గుడారాలు, తాళ్ళు, తిండి, గ్యాసు వీటికి అదనం. ఈ బరువులు పైకి చేర్చేదీ, తాళ్ళు బిగించి దారి సిద్ధం చేసేదీ షెర్పాలూ, వారిలాంటి పర్వత కార్మికులూ.

ఆ పనికి వాళ్ళు చెల్లించే మూల్యం ఎంత? అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దగ్గర మంచుచరియలు విరిగిపడి 16 మంది కార్మికులు మరణించారు. పదహారేళ్ళు నిండనివారిని నేపాల్ అనుమతించదు కాబట్టి పూర్ణ బృందం టిబెట్ వైపు నుంచి ఎక్కింది.

మరో లోపం వయసు విషయం. చిన్న వయసును సినిమా ఘనతగానే చూపిస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ముందు మందగించేది ఆలోచనాశక్తి. తనకు ప్రమాదం ముంచుకొస్తోందని పెద్దవాళ్ళే గుర్తించలేని చోట, పదమూడేళ్ళ పిల్ల తరఫున "ఇక వెనక్కి" అని చెప్పే బాధ్యత ఎవరిది? వెంట వెళ్ళే మార్గదర్శకులదీ, పంపించే పెద్దలదీ. సినిమా పట్టుదలను పొగిడినంతగా ఈ బాధ్యతను పట్టించుకోలేదు.

ఇంతమాత్రాన పూర్ణ ఘనత తగ్గదు. ఆమె శిక్షణ పొందిన డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టరు టెన్సింగ్ నార్గే. 1935లో ఆయన ఎవరెస్టుకు మొదటిసారి వెళ్ళింది బరువులు మోసే మనిషిగానే. సినిమా తప్పక చూడండి. చూశాక పై లెక్కను పది మంది బృందానికి వేసి, ఎన్ని సిలిండర్లు కావాలో, వాటిని ఎంతమంది మోయాలో మీరే తేల్చండి.