చదివే సంతకం పెట్టామా?

కొన్నాళ్లుగా నన్ను వదలకుండా పట్టుకున్న వాక్యం ఏ కథలోదో కవితలోదో కాదు. అసలు వాక్యమే కాదు. ఒక వెర్షన్ నంబరు: 5.6.1+రియల్లీ5.4.5-1.

2024 మార్చి చివర్లో డెబియన్ వాళ్లు ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీకి పెట్టిన నంబరిది. కొత్త 5.6.1లో ఎవరో దొంగదారి పెట్టారని తేలింది. వెనక్కి వెళ్లాలి. కానీ డెబియన్‌లో వెర్షన్ నంబరు పెరగాలే తప్ప తగ్గకూడదు. తగ్గితే జనం కంప్యూటర్లు దాన్ని అప్‌డేట్‌గా తీసుకోవు. అందుకని పైన కొత్త నంబరు ఉంచి, లోపల పాత 5.4.5 పెట్టి, మధ్యలో 'రియల్లీ' అన్నారు. పేరుకి ఇది, నిజానికి అది, అని. తప్పు జరిగిందని ఇంత పొట్టిగా ఒప్పుకోవడం నేనెక్కడా చదవలేదు.

ఆ నంబరు కనిపించే చోటు పేరు చేంజ్‌లాగ్. కథ, నవల, లేఖ లాగే దాన్ని కూడా ఒక ప్రక్రియగా చదవచ్చని నా నమ్మకం. అలా చదివితే దాని బలమూ కనిపిస్తుంది, ఒక పెద్ద లోపమూ కనిపిస్తుంది.

ముందు కొంచెం నేపథ్యం. డెబియన్ అనేది లినక్స్‌ని మన కంప్యూటర్ దాకా తెచ్చే పంపిణీల్లో ఒకటి. 1993లో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఏ కంపెనీదీ కాదు, ప్రపంచమంతా చెదిరి ఉన్న వాలంటీర్లు నడుపుతారు. 2023లో వచ్చిన 12వ విడుదలలో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఒక్కోదానికి ఒక మెయింటైనరో, ఒక టీమో ఉంటుంది. మామూలుగా ప్రోగ్రామ్ రాసేది వీళ్లు కాదు. రాసినవాళ్లని 'అప్‌స్ట్రీమ్' అంటారు, అంటే ఎగువ. ఎగువ నుంచి వచ్చినదాన్ని తీసుకుని, లైసెన్సు సరిగ్గా ఉందో లేదో చూసి, మిగతా ప్యాకేజీలతో పొసిగేలా బిల్డ్ చేసి, అవసరమైతే చిన్న చిన్న ప్యాచ్‌లు వేసి దిగువకి వదిలేవాడు మెయింటైనర్. మా గోదావరి కాలవల మీద లాకుల దగ్గర లస్కరు చేసే పనిలాంటిది. నీళ్లు అతనివి కావు, పొలాలూ అతనివి కావు. కానీ తలుపు ఎత్తేది అతనే.

తలుపు ఎత్తినప్పుడల్లా రాసే పద్దు చేంజ్‌లాగ్. దానికి ఛందస్సు లాంటి కట్టుబాటు ఉంది. మొదటి లైన్లో ప్యాకేజీ పేరు, వెర్షన్, ఏ శాఖలోకి వెళ్తోంది, ఎంత తొందర. కింద నక్షత్రం గుర్తుతో ఒక్కో మార్పు. ఏదైనా బగ్ మూతపడితే దాని నంబరు. చివర రెండు గీతలు, తర్వాత పేరు, ఈమెయిలు, తేదీ, టైము, టైమ్‌జోను. విశేషణాలకి చోటు లేదు. 'నేను' దాదాపు కనపడదు. మనిషి కనిపించేది ఆ చివరి లైన్లోనే. +0530 అని ఉంటే మన దేశంలో కూర్చుని చేశారని, దాని పక్కన 01:47 అని ఉంటే ఇంట్లో అందరూ పడుకున్నాక చేశారని అర్థం.

ఇరవయ్యేళ్ల వయసున్న ప్యాకేజీ చేంజ్‌లాగ్‌ని కింద నుంచి పైకి చదివితే నవల చదివినట్టే ఉంటుంది. ఒక పేరు పదేళ్లు కనబడి, మెల్లగా పలచబడి, ఆగిపోతుంది. కొన్నాళ్లు ఎవరెవరో వచ్చి చిన్న రిపేర్లు చేసి పోతారు. తర్వాత ఇంకో పేరు మొదలవుతుంది. డెబియన్ భాషలో మెయింటైనర్ వదిలేసిన ప్యాకేజీ 'అనాథ'. దాన్ని తీసుకోవడం 'దత్తత'. నంబర్ల మధ్యలోకి ఈ రెండు మాటలు ఎలా దూరాయో గానీ, ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇంత కట్టుదిట్టమైన ప్రక్రియలో పదేపదే కనపడే వాక్యం ఒకటుంది: 'కొత్త అప్‌స్ట్రీమ్ విడుదల.' అంతే. ఎగువన ఐదు లైన్లు మారినా, యాభై వేల లైన్లు మారినా ఇదే వాక్యం సరిపోతుంది. మన కవితా సంకలనాల ముందుమాటల్లో 'ఈ యువకవి మున్ముందు మరిన్ని మంచి పుస్తకాలు వెలువరించాలని ఆశిస్తూ' అని ఉంటుంది చూడండి, అలాంటిది. అబద్ధం కాదు. కానీ రాసినాయన పుస్తకం చదివారో లేదో దాన్నిబట్టి తెలియదు.

ఈ వాక్యంతో నాకున్న పేచీ ఏమిటో చెప్పాలంటే రెండు ఉదంతాలు చెప్పాలి.

మొదటిది 2006 నాటిది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ ఉంది. ఇంటర్నెట్‌లో రహస్యంగా మాట్లాడుకోవడానికి కావలసిన తాళంచెవులు తయారుచేస్తుంది. మెమరీ తప్పుల్ని పట్టే వాల్‌గ్రైండ్ అనే టూలు అందులో కొన్ని లైన్ల గురించి గోల పెడుతోంది. ఆ గోల ఆపడానికి డెబియన్ మెయింటైనర్ రెండు లైన్లు తీసేశాడు. తీసేముందు ఎగువవాళ్లని అడిగాడు కూడా, గట్టిగా వద్దన్నవాళ్లు లేరు. ఏం చేశాడో, ఎందుకు చేశాడో చేంజ్‌లాగ్‌లో రాశాడు. వచనంగా చూస్తే మంచి ఎంట్రీ. స్పష్టంగా ఉంది, నిజాయితీగా ఉంది. కానీ ఆ రెండు లైన్లలో ఒకటి, తాళంచెవిని ఎవరూ ఊహించలేకుండా చేసే లైను. అది పోయాక మారుతూ ఉండేది ప్రాసెస్ నంబరు ఒక్కటే. అంటే ఒక రకం మెషిన్ మీద ఒక సైజు తాళంచెవికి 32,768 రూపాలే సాధ్యం. 2008 మే 13న ఆ సంగతి ప్రకటించేదాకా, దాదాపు ఇరవై నెలలు, డెబియన్‌లోనూ దాని మీద ఆధారపడ్డ ఉబుంటూలోనూ ఇలాంటి తాళంచెవులే తయారయ్యాయి. అన్నీ పారేసి మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

2024 ఉదంతం దీనికి తలకిందులు. ఎక్స్‌జెడ్ ఫైళ్లని కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. ఏళ్ల తరబడి దాన్ని దాదాపు ఒకే మనిషి, జీతం లేకుండా చూసుకున్నాడు. 2022లో 'జిగర్ కుమార్' లాంటి పేర్లతో కొందరు, పని ఆలస్యమవుతోందని, వేరేవాళ్లకి అప్పగించమని ఆయన్ని మెయిళ్లలో సతాయించారు. పేరు చూస్తే మనవాడే అనిపిస్తుంది. ఆ పేరు వెనక మనిషి ఎవరో తేలనే లేదు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది డబ్బు రాని హాబీ అని ఆయన జవాబిచ్చాడు. అప్పటికే 'జియా టాన్' అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తున్నారు. క్రమంగా విడుదలలు చేసే అధికారం ఆ చేతికి వెళ్లింది. రెండేళ్లకి 5.6.0, 5.6.1లలో దొంగదారి వచ్చింది. డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ శాఖల్లోకి చేరిపోయింది. స్టేబుల్‌లోకి రాకముందే దొరికింది. ఎలా దొరికింది? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. పద్యం అలవాటైన చెవికి ఒక మాత్ర ఎక్కువైతే తగిలినట్టు తగిలింది. అక్కణ్ణించి తవ్వుకుంటూ వెళ్లాడు.

ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే నాకు కనిపించే తేడా ఇది. 2006ది మార్చడం వల్ల వచ్చిన తప్పు. 2024ది ఒప్పుకోవడం వల్ల వచ్చిన తప్పు.

మొదటి రకం తప్పు జరిగితే పట్టుకోవడానికి డెబియన్‌లో పకడ్బందీ పద్ధతి ఉంది. ఎగువ నుంచి వచ్చిన మూలాన్ని ముట్టుకోకుండా ఒక కట్టలో ఉంచుతారు. మన మార్పులన్నీ విడిగా, ప్యాచ్‌లుగా ఇంకో కట్టలో ఉంటాయి. ప్రతి ప్యాచ్ పైనా ఎందుకు, ఎవరు, ఎక్కణ్ణించి, ఎగువకి పంపారా లేదా అని రాయడానికి ఒక నమూనా ఉంది. పైన మూలం, కింద పాఠాంతరాలు ఇచ్చే మంచి పరిష్కృత ప్రతి ఇలాగే ఉంటుంది. మరి ఒప్పుకున్నదానికి? మార్చిన ఒక్క లైనుకి పది లైన్ల సంజాయిషీ అడిగే ఈ ప్రక్రియ, మార్చకుండా లోపలికి రానిచ్చిన పదివేల లైన్లకి ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంటుంది. మన సాహిత్య విమర్శ సంగతీ ఇంతే కదా. తప్పు పడితే ఆధారాలు చూపించాలి. పొగిడితే ఎవరూ ఏమీ అడగరు.

చదివితే మాత్రం దొరికేదా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఎక్స్‌జెడ్‌లో దొంగదారిని తెరిచే స్క్రిప్టు అందరూ చూసే గిట్ రిపాజిటరీలో లేదు. విడుదల కోసం కట్టిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. అసలు సరుకు టెస్టుల కోసం పెట్టిన ఫైళ్లలో, పాడైపోయిన ఫైలులా నటిస్తూ దాక్కుంది. అంటే వ్రాతప్రతి ఒకటి, అచ్చు ప్రతి ఇంకొకటి. ఒక్కదాన్నే ఎంత శ్రద్ధగా చదివినా లాభం లేదు, రెండిటినీ పోల్చాలి. ఇది మనకి తెలియని పని కాదు. బెంగళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికాసాంత్వనం' అచ్చు ప్రతిని వ్రాతప్రతితో పోల్చి చూశారు. అచ్చులో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న పీఠిక లేదు. వాటిని తిరిగి చేర్చి 1910లో పుస్తకం వేయించారు. అక్కడ ఉన్నవి మాయమయ్యాయి, ఇక్కడ లేనివి వచ్చి చేరాయి. పట్టుకునే పద్ధతి మాత్రం ఒక్కటే: ఈ ప్రతి ఎక్కణ్ణించి వచ్చిందని అడగడం.

ఇంతదాకా ఊళ్లోవాళ్ల తప్పులు చెప్పాను. నాదీ ఒకటుంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం కూడా చదవకుండా పెట్టిన సంతకమే అవుతుంది.

నేనూ ఒక అనాథ ప్యాకేజీని దత్తత తీసుకున్నాను. చాలా చిన్నది, పేరు అనవసరం. నాకు నేరుగా అప్‌లోడ్ చేసే హక్కు లేదు. నేను తయారుచేసి పంపితే, డెబియన్ డెవలపర్ ఒకాయన చూసి తన సంతకంతో ఎక్కిస్తారు. ఆయన్ని స్పాన్సర్ అంటారు. 2022లో ఒక కొత్త విడుదల పంపినప్పుడు ఆయన ఒకటే అడిగారు: 'పాతదానికీ దీనికీ తేడాలు పూర్తిగా చూశారా?' చూశానన్నాను. చూడలేదు. ఆఫీసులో రిలీజు వారం, రాత్రి ఒంటిగంట దాటింది, బిల్డ్ అయింది, టెస్టులు పాసయ్యాయి. 'కొత్త అప్‌స్ట్రీమ్ విడుదల' అని రాసి పడుకున్నాను.

ఎక్స్‌జెడ్ వార్త వచ్చిన వారాంతం కూర్చుని ఆ తేడాలన్నీ చదివాను. దొంగదారి ఏమీ లేదు. కానీ ఎగువవాళ్లు ఆ విడుదలలో వేరే ఎవరో రాసిన ఒక ఫైలు కలుపుకున్నారు. పైన ఆవిడ పేరుంది, వేరే లైసెన్సుంది. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకి కాపీరైట్ అనే ఫైలొకటి ఉంటుంది. లోపల ఎవరెవరి రచన ఉందో అందులో చెప్పాలి. నా ఫైల్లో ఆవిడ పేరు లేదు. రెండేళ్లుగా లేదు. ఎవరూ అడగలేదు, ఏ మెషినూ ఆగలేదు. ఒక మనిషి చేసిన పనిని ఆ మనిషి పేరు లేకుండా పంచిపెట్టాను, అంతే. నాగరత్నమ్మ గారి గురించి మాట్లాడే అర్హత నాకు లేదని ఆ రాత్రి అనిపించింది.

స్పాన్సర్‌కి మెయిల్ రాశాను, అప్పుడు చూడలేదు, చూశానని చెప్పాను అని. ఆయన తిట్టలేదు. సరిచేసి పంపమన్నారు, చేంజ్‌లాగ్‌లో స్పష్టంగా రాయమన్నారు. చివర్లో ఇంకో వాక్యం: 'మీరు చూశానన్నారని నేనూ చూడలేదు.' దాని దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నా సంతకాన్ని నమ్మి ఆయన సంతకం, ఆయన సంతకాన్ని నమ్మి వాడేవాళ్లు. ఈ వరసలో చదివినవాడు ఒక్కడూ లేడు.

జీతం లేని పనికి ఇన్ని ఆంక్షలా అంటే, నిజమే. పదివేల లైన్లు చదివి తీరాలని వాలంటీర్‌ని నిలదీయడం, ఎక్స్‌జెడ్ మనిషిని సతాయించిన ఆ మెయిళ్ల లాంటిదే అవుతుంది. నేనడిగేది అది కాదు. ఎంత చదివామో అంతే చదివామని చెప్పడం. 1997లో డెబియన్ రాసుకున్న సామాజిక ఒప్పందంలో సమస్యల్ని దాచబోమనే హామీ ఉంది. అందుకే వాళ్ల బగ్‌ల చిట్టా ఎవరైనా తెరిచి చూడొచ్చు. చదవకపోవడం కూడా ఒక సమస్యే, దాన్నీ దాచకూడదు. 'కొత్త అప్‌స్ట్రీమ్ విడుదల. టార్‌బాల్‌ని గిట్‌తో పోల్చాను. కోడ్‌లో తేడాలు చదివాను. టెస్ట్ ఫైళ్లు చూడలేదు.' ఇంత రాస్తే, తర్వాత వచ్చేవాళ్లకి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పరువు తక్కువేమో అని సందేహించక్కర్లేదు. అందరూ చూసే వెర్షన్ నంబర్లోనే 'రియల్లీ' అని రాసుకోగలిగినవాళ్లకి ఇది పెద్ద కష్టం కాదు.

నా సవరణకి నేను రాసిన ఎంట్రీ ఒక్క లైను: కాపీరైట్ ఫైల్లో వదిలేసిన రచయిత పేరు చేర్చాను, 2022 అప్‌లోడ్‌లో ఆ పొరపాటు నాది. కింద నా పేరు, +0530.

మొన్న ఎగువ నుంచి ఇంకో విడుదల వచ్చింది. తేడాలు పదకొండు వందల లైన్లు. నాలుగొందల దాకా చదివాను. ఇంకా పంపలేదు.