ఒకే గోడ మీద ముగ్గురు మోషేలు

సిస్టీన్ చాపెల్‌లోకి వెళ్ళినవాళ్ళ తలలు ముందు పైకే లేస్తాయి. మికెలాంజెలో వేసిన కప్పు అలాంటిది మరి. కానీ ఆ కప్పు మీద కుంచె పడడానికి పాతికేళ్ళ ముందే, 1481-82లో, ఫ్లోరెన్స్, ఉంబ్రియా ప్రాంతాల చిత్రకారులు ఆ హాలు పక్కగోడల మీద తమ పని ముగించి వెళ్ళారు. బలిపీఠానికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి గోడ మోషే కథ, కుడిచేతి గోడ క్రీస్తు కథ. మోషే గోడ మీద, బలిపీఠం నుంచి లెక్కపెడితే అయిదోది, సాండ్రో బొట్టిచెల్లి చిత్రం ‘తిరుగుబాటుదారులకు శిక్ష’. మూడున్నర మీటర్ల ఎత్తు, 5.7 మీటర్ల వెడల్పు. తాను నడిపిస్తున్న జనమే ‘నిన్నెవరు పెద్దని చేశారు’ అని నిలదీస్తే ఒక మతనాయకుడికి ఏమవుతుంది, నిలదీసినవాళ్ళకు ఏమవుతుంది అన్నదాన్ని ఇంత పట్టుగా కట్టిన బొమ్మ నాకు తెలిసి మరొకటి లేదు.

కథ బైబిల్లో సంఖ్యాకాండం 16వ అధ్యాయంలో ఉంది. కోరహు లేవీయుడు, మోషేకు స్వయానా బాబాయి కొడుకు. దాతాను, అబీరాము రూబేను గోత్రంవాళ్ళు, అంటే యాకోబు పెద్దకొడుకు సంతతి. 250 మంది పెద్దలను వెంటేసుకుని వీళ్ళు మోషే మీదికి, యాజకుడైన అతని అన్న అహరోను మీదికి వచ్చారు. సమాజమంతా పరిశుద్ధమే కదా, మీ ఇద్దరికీ ఏమిటీ హెచ్చు అన్నది కోరహు ఫిర్యాదు. పొలాలూ ద్రాక్షతోటలూ ఇస్తానని చెప్పి ఎడారిలో చావడానికి తీసుకొచ్చావన్నది దాతాను, అబీరాముల ఫిర్యాదు. ఒకటి హోదా గురించి, రెండోది బతుకు గురించి. రెండూ తీసిపారేసే మాటలు కావు. మోషే సాగిలపడ్డాడు. వాళ్ళ దగ్గర ఒక్క గాడిదను కూడా తీసుకోలేదని దేవుడితో చెప్పుకున్నాడు. చివరికి ఒక పరీక్ష పెట్టాడు: ఎవరి ధూపార్తి వాళ్ళు నిప్పుతో, ధూపంతో తీసుకురండి, ఎవరు తనవాడో దేవుడే తేలుస్తాడు అని.

ఈ చిత్రాన్ని మనం చదివే అలవాటులో ఎడమ నుంచి మొదలుపెడితే కథ తలకిందులవుతుంది. బలిపీఠం ఈ గోడకు కుడికొసన ఉంది. మోషే జీవితం అక్కడ మొదలై, ద్వారం వైపు నడుస్తుంది. అందుకే ఈ గోడ మీది కథ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. హాలు పెట్టిన ఈ షరతును బొట్టిచెల్లి తన చిత్రం లోపలా పాటించాడు. కుడివైపు ఫిర్యాదు, నడుమ పరీక్ష, ఎడమవైపు శిక్ష. మూడుచోట్లా మోషే ఉన్నాడు, అదే పసుపు అంగీ, అదే ముదురాకుపచ్చ పైవస్త్రం, అదే పొడవాటి తెల్లగడ్డం. లేపాక్షి గుడి కప్పు మీద కిరాతార్జునీయం బొమ్మల్లో అర్జునుణ్ణి మళ్ళీ మళ్ళీ చూసిన కంటికి ఈ పద్ధతి కొత్త కాదు. ఒకే నేల మీద, గీత గీసి విడదీయకుండా, మూడు సమయాలు. ఎక్కడ ఒకటి ముగిసి రెండోది మొదలైందో మనకు తెలియజేసేది ఆ పసుపురంగే.

కుడివైపు చూద్దాం. జనం రాళ్ళు పట్టుకుని మోషే మీదికి వస్తున్నారు. మోషే అనుచరుడు యెహోషువ అడ్డుపడుతున్నాడు. నిజానికి ఈ రాళ్ళ సంగతి కోరహు అధ్యాయంలోది కాదు. రెండు అధ్యాయాల వెనక, కనాను దేశాన్ని వేగుచూసి వచ్చినవాళ్ళ మాటలు విని జనం బెదిరిపోయి, మరో నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకు తిరిగి పోదామనుకున్నప్పటిది. ఆ ఘట్టాన్ని తెచ్చి ఇక్కడ అతకడం గొప్ప ఆలోచన అని నా అభిప్రాయం. ఫిర్యాదు అన్నది మాట. మాటను గోడ మీద వేయలేం. ఎత్తిన చేతిలో రాయిని వేయగలం. పైగా శిక్ష చూపేముందు, శిక్షించబోయే చేతిగలవాడు ఎంత నిస్సహాయంగా నిలబడ్డాడో చూపించడం అవసరం. ఈ మొదటి మోషే వట్టి ముసలివాడు.

ఇక నడిమి భాగం. చిత్రానికి గుండె ఇదే, బొట్టిచెల్లి చేతిపనితనం పూర్తిగా తెలిసేదీ ఇక్కడే. మధ్యలో బలిపీఠం. దాని దగ్గర మోషే చేతికర్ర ఎత్తాడు. నీలి వస్త్రంలో అహరోను తన ధూపార్తిని ఊపుతున్నాడు. చుట్టూ తిరుగుబాటుదారులు తూలిపోతున్నారు, ఒరిగిపోతున్నారు, నేల మీద పడుతున్నారు. అందరి చేతుల్లోనూ ఉన్నది ఒకే రకం పనిముట్టు. ఎవరు నిజమైన యాజకుడో పనిముట్టును బట్టి చెప్పలేం, అది పట్టుకున్న ఒంటిని చూసి చెప్పాలి. అహరోను ఒళ్ళు నిటారుగా ఉంది, ఊపు అతని అదుపులో ఉంది. మిగతావాళ్ళకు పాత్ర ఒకవైపు, చేయి ఒకవైపు, కాళ్ళు ఒకవైపు. వంగిన వీపులు, ఎగిరిన కొంగులు, చెదిరిన జుట్టు, ఇవన్నీ కలిసి ఒక సుడి అయితే, దాని మధ్య కదలని నిలువుగీతలు మోషే, అహరోనులు. దేవుడు బొమ్మలో ఎక్కడా కనిపించడు. తీర్పు మొత్తాన్ని చిత్రకారుడు నిలకడకూ తూలుడుకూ మధ్య ఉన్న తేడాతోనే పలికించాడు.

ఎడమవైపు నేల నోరు తెరిచింది. అంచున మోషే చేయి చాచి నిలబడ్డాడు, మనుషులు లోపలికి కుంగిపోతున్నారు. దానికి పైన ఒక చిన్న మేఘం మీద ఇద్దరు తేలుతున్నారు. వీళ్ళు కోరహు కొడుకులు. 16వ అధ్యాయం వీళ్ళ మాట ఎత్తదు. పది అధ్యాయాలు దాటాక, జనాభా లెక్కల మధ్య, కోరహు కుమారులు చావలేదని ఒక్క చిన్న వాక్యం వస్తుంది. కీర్తనల గ్రంథంలో పలు కీర్తనలు ఆ వంశం పేరునే ఉన్నాయి. ఆ ఒక్క వాక్యాన్ని వదలకుండా తెచ్చి, గోతికి సరిగ్గా పైన నిలపడంలో ఉన్న శ్రద్ధ చూడండి.

ఇదంతా తడి గార మీద వేసిన పని. సన్నని సున్నపు పూత పెట్టి, అది ఆరేలోగా నీళ్ళతో కలిపిన రంగులు అద్దాలి. సున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడును పీల్చుకుని గట్టిపడుతూ రంగును తనలో బిగించుకుంటుంది. ఆరాక దిద్దుదామంటే కుదరదు. ఆ భాగాన్ని చెక్కేసి మళ్ళీ గార పెట్టాలి. కాబట్టి ఏ రోజు ఎంత మేర పని అవుతుందో ముందే లెక్క ఉండాలి. తూలిపోతున్న మనిషి భుజం నేడు, మోచేయి రేపు వేసినా ఆ తూలుడు ఒక్క ఊపున సాగాలి. మోషే తల నుంచి వెలువడే కిరణాల బంగారం మాత్రం గోడ ఆరాక జిగురు మీద అతికించేది. పైగా గడువు. 1481 అక్టోబరు 27న రాసుకున్న ఒప్పందం ప్రకారం నలుగురు చిత్రకారులు పది ఘట్టాలను, వాటి కింద బొమ్మగా వేసే తెరలతో సహా, 1482 మార్చి 15కల్లా ముగించాలి.

ఆ ఒప్పందం వెనక ఉన్నది పోప్ నాలుగో సిక్స్టస్. చిత్రంలో వెనక రోమ్‌లోని కాన్‌స్టంటైన్ విజయతోరణం ఉంది. దాని నుదుట, అహరోనులా దేవుడు పిలిస్తే తప్ప ఎవరూ ఈ గౌరవాన్ని తమంతట తాము తీసుకోకూడదనే అర్థం వచ్చే లాటిన్ వాక్యం రాసి ఉంది. అది హెబ్రీ పత్రికలోది. అహరోను తల మీద పోప్ ధరించే మూడంతస్తుల కిరీటం పెట్టారు. సరిగ్గా ఎదురుగోడ మీద పెరుజీనో చిత్రంలో క్రీస్తు, తొలి పోప్‌గా ఎంచే పేతురుకు తాళపుచెవులు ఇస్తున్నాడు. అక్కడా వెనక రెండు విజయతోరణాలు, అక్కడా దూరాన క్రీస్తు మీదికి రాళ్ళెత్తిన జనం. రెండు చిత్రాల పైనా ఉన్న లాటిన్ శీర్షికలు ఒకే మాటతో, ధర్మదాతకు ఎదురైన కలవరం అన్న అర్థంతో, మొదలవుతాయి. పోప్‌ను ఎదిరించడమంటే ఏమిటో ఆ హాలులో కూర్చునే కార్డినళ్ళకు రెండు గోడలూ కలిసి చెప్పాయి. ఆ హెచ్చరికకు కారణం లేకపోలేదు. 1482 మార్చిలోనే ఆంద్రేయా జామొమెటిచ్ అనే ఆర్చ్‌బిషప్, సిక్స్టస్ మీద నేరాలు మోపుతూ బాసెల్‌లో మహాసభకు పిలుపునిచ్చాడు.

బొట్టిచెల్లి గతం దీనికి మరో పొర వేస్తుంది. 1478లో ఫ్లోరెన్స్‌ను నడిపించే మెదిచీ కుటుంబం మీద జరిగిన పాజ్జి కుట్రలో పోప్ మనుషుల చేయి ఉంది. అది విఫలమయ్యాక, ఉరితీసిన కుట్రదారుల బొమ్మలను నగర భవనం గోడ మీద వేసినవాడు బొట్టిచెల్లే. వాళ్ళలో ఒకడు పీసా ఆర్చ్‌బిషప్. ఆ బొమ్మ చెరిపించేదాకా సిక్స్టస్ ఊరుకోలేదు. మూడేళ్ళకు అదే పోప్ గోడ మీద అదే చేయి, యాజకుణ్ణి ఎదిరించినవాళ్ళ పతనం గీసింది. రెండు పక్షాల కోపాన్నీ దగ్గరగా చూసినవాడు గనకే పడిపోతున్నవాళ్ళ ముఖాల్లో నీచత్వం కన్నా బెదురు ఎక్కువ పెట్టగలిగాడని నాకు అనిపిస్తుంది.

బొట్టిచెల్లి వేయని ఘట్టం ఒకటుంది. బైబిల్లో కథ గోతితో ఆగదు. మర్నాడే సమాజమంతా మళ్ళీ సణిగింది, జనాన్ని చంపింది మీరేనని. తెగులు మొదలైంది. మోషే చెప్పగానే అహరోను తన ధూపార్తిలో నిప్పు వేసుకుని, తన మీద సణిగిన ఆ జనం మధ్యకే పరుగెత్తాడు. చచ్చినవాళ్ళకూ బతికినవాళ్ళకూ నడుమ నిలబడ్డాడు, తెగులు ఆగింది. అప్పటికే 14,700 మంది పోయారు. హెచ్చరిక కోరిన పోప్‌కు ఆ ఘట్టంతో పనిలేదు, గోడ మీద చోటూ లేదు. అది తెలిసి చూస్తే నడిమి భాగంలోని అహరోను నాకు గెలిచినవాడిలా కనిపించడు. అతని చేతిలోది మర్నాడు అదే జనం కోసం పట్టుకుని పరుగెత్తాల్సిన పాత్ర.