‘మలిన హస్తాలు’: రాజీ, సిద్ధాంత నిష్ఠ

యుద్ధాన్ని వ్యతిరేకించే వామపక్షం దాన్ని త్వరగా ముగించడం కోసం తన వర్గశత్రువులతో చేతులు కలపవచ్చా? జాఁ పాల్ సార్త్రే 1948లో పారిస్‌లో ప్రదర్శింపజేసిన ‘మలిన హస్తాలు’ నాటకానికి ఈ ప్రశ్నే కేంద్రం.

రెండో ప్రపంచ యుద్ధకాలం. ఇలిరియా అనే కల్పిత దేశం జర్మనీ పక్షాన ఉంది. సోవియట్ సేనలు సమీపిస్తున్నాయి. కమ్యూనిస్టు నాయకుడు హోడరర్ రాజప్రతినిధితోనూ జాతీయవాదులతోనూ సంప్రదింపులు మొదలుపెడతాడు. ఇది ద్రోహమని భావించిన పార్టీలోని ఒక వర్గం, అతణ్ణి చంపడానికి హ్యూగో అనే యువకుణ్ణి కార్యదర్శి ఉద్యోగంలో ప్రవేశపెడుతుంది.

సంపన్న కుటుంబం నుంచి వచ్చిన హ్యూగోకు సిద్ధాంత నిష్ఠే సర్వస్వం. హోడరర్ లెక్క వేరు: యుద్ధం ఎంత త్వరగా ఆగితే అన్ని ప్రాణాలు దక్కుతాయి. వీరిద్దరి వాగ్వాదంలో పాఠకుడి మనసు సహజంగానే హోడరర్ వైపు మొగ్గుతుంది. హ్యూగో నిష్ఠకు మూల్యం చెల్లించేది హ్యూగో కాదు, యుద్ధరంగంలోని సామాన్యులు.

అయితే నాటకం ఇక్కడితో ఆగదు. హోడరర్ కౌగిలిలో తన భార్య జెస్సికాను చూసి హ్యూగో కాల్పులు జరుపుతాడు. జైలు నుంచి విడుదలయ్యేసరికి పార్టీ హోడరర్ మార్గాన్నే స్వీకరించి, అతణ్ణి మహానాయకుడిగా కీర్తిస్తూ ఉంటుంది. జరిగినదాన్ని హ్యూగో మరచిపోవాలి. అతడు నిరాకరించి మరణానికి ఎదురు వెళతాడు.

విద్యార్థులు ఇక్కడొక భేదాన్ని గుర్తించాలి. రాజీపడటం వేరు, రాజీపడ్డ సంగతిని చరిత్ర నుంచి చెరిపివేయడం వేరు. మొదటిది ప్రాణాలు కాపాడవచ్చు. రెండోది ఉద్యమం తన తప్పుల నుంచి నేర్చుకునే దారినే మూసివేస్తుంది. అవసరమైతే సొంతవారితోనూ అబద్ధమాడవచ్చునని హోడరర్ కూడా ఒప్పుకున్నాడు. తర్వాతి వంచనకు బీజం అక్కడే ఉంది. కనుక అతణ్ణి నిర్దోషిగా చూపే విమర్శ అసమగ్రం.

రచయిత జీవితంలోనూ ఈ సమస్య ఎదురైంది. 1952 డిసెంబరులో సార్త్రే వియన్నాలో జరిగిన శాంతి మహాసభలో పాల్గొన్నాడు. కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచారానికి సాధనమైందన్న కారణంతో, ఆ కాలంలోనే, స్థానిక కమ్యూనిస్టు పార్టీ అంగీకారం లేనిదే ఈ నాటకాన్ని ఆడకూడదని షరతు పెట్టాడు. శాంతి ఉద్యమంలో కమ్యూనిస్టులతో కలిసి నడవడం సమర్థనీయమే. దానికోసం తన నాటకం నోరు తానే నొక్కడం మాత్రం సమర్థనీయం కాదు. 1956లో హంగరీపై సోవియట్ సైనిక చర్యను ఆయన బహిరంగంగా ఖండించాడు. మైత్రికి హద్దు ఉండాలని ఆయనకూ తెలిసింది.

అభ్యాసం: హ్యూగో చివరి నిరాకరణ సిద్ధాంత నిష్ఠా, సత్య నిష్ఠా? సకారణంగా చర్చించండి.