ఆటగాడు సంగీతకర్తేనా?

పాఠకుడు కూడా రచయితేనన్న వాదం మన విమర్శకు కొత్తది కాదు. ఇప్పుడు దానికి వీడియో గేముల నుంచి సాక్ష్యం తెస్తున్నారు. ఆడేవాడి చర్యలను బట్టి అక్కడ సంగీతం మారుతుంది కాబట్టి శ్రోతే సంగీతకర్త అయ్యాడంటున్నారు. ఈ మాటను నేను కొట్టిపారెయ్యను. కాని ఏ చర్యకు ఏ ధ్వని పలకాలో నిర్ణయించింది ఎవరని అడగకుండా ఒప్పుకోను.

1978లో జపానులో టైటో సంస్థ విడుదల చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'నే తీసుకుందాం. రూపకర్త తొమొహిరో నిషికాడో. తెర మీద అయిదు వరసల్లో 55 మంది శత్రువులు పక్కలకు కదులుతూ కిందికి దిగివస్తుంటారు. కింద ఆటగాడికి ఒకే ఒక ఫిరంగి. వెనక నాలుగే నాలుగు మంద్రస్వరాలు, మళ్లీ మళ్లీ అవే. దాన్ని సంగీతమనడానికి కూడా కొందరు జంకుతారు. అయితే శత్రువులు తగ్గేకొద్దీ వాళ్ల నడక, ఆ స్వరాల లయ రెండూ వేగం పుంజుకుంటాయి. నడక వేగం ముందుగా అనుకున్నది కాదు. బొమ్మలు తగ్గితే ఆనాటి ప్రాసెసర్‌కు పని తగ్గింది, మిగిలినవి జోరుగా కదిలాయి. నిషికాడో దాన్ని దిద్దలేదు, ఉంచుకున్నాడు. యంత్రం పరిమితే రూపమైంది.

ఇందులోని వైరుధ్యాన్ని గమనించాలి. ఆటగాడు ఎంత నేర్పుగా కొడితే లయ అంతగా అతన్ని తరుముతుంది. తన నేర్పే తన మీదికి తిరగబడుతుంది. ఉత్పత్తి పెంచిన కార్మికుడి ముందు బెల్టు వేగం మరింత పెంచే ఫ్యాక్టరీ నాకిక్కడ గుర్తుకొస్తుంది. చివరి శత్రువును కూల్చితే మరో 55 మంది సిద్ధం. గెలుపన్నది లేదు, ఓడినప్పుడే ఆట ముగుస్తుంది. నిషికాడో ఇదంతా ఉద్దేశించాడని నేననను. రూపం దానంతటదే చెబుతోంది.

తెత్సుయా మిజుగుచి ఆధ్వర్యంలో 2001లో వచ్చిన 'రెజ్' దారి వేరు. కాండిన్‌స్కీ చిత్రకళ దీనికి ప్రేరణ. ప్రతి దెబ్బకూ ఒక ధ్వని పలుకుతుంది, ముందుకు వెళ్లేకొద్దీ సంగీతం పొరలు పొరలుగా చిక్కబడుతుంది. నాలుగు స్వరాలతో పోలిస్తే ఇది ఐశ్వర్యమే. కాని ఒక కిటుకుంది. మీట ఎప్పుడు నొక్కినా ధ్వని తాళం మీదే పడేటట్టు ప్రోగ్రాం సర్దుతుంది. తాళం తప్పుదామన్నా తప్పలేం! తప్పే వీలు లేనివాణ్ణి వాద్యకారుడని ఎలా అనగలం?

మన పద్యనాటకాల్లో హార్మోనిస్టు కూడా నటుణ్ణి అనుసరించేవాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. అనుసరించేవాడు. నటుడు రాగం సాగదీస్తే తానూ సాగేవాడు, శ్రుతి జారితే అందించేవాడు, ఉత్సాహం వస్తే నటుణ్ణే దాటిపోయేవాడు. అక్కడ వింటున్నది మనిషి. 'రెజ్'లో వింటున్నది ముందే రాసిపెట్టిన నియమం. ఎవరు ఆడినా, ఎలా ఆడినా అది మెచ్చుకుంటూనే ఉంటుంది.

'రెజ్' కళ కాదని నా వాదన కాదు. ఆ సొంపు వెనక సంగీతకారుల శ్రమ ఉంది, ప్రోగ్రామర్ల శ్రమ ఉంది. సరుకు కొన్నవాణ్ణే సృష్టికర్తగా పొగిడితే అమ్మకానికి మంచిదే. ఆ పొగడ్తలో ఆ శ్రమ కనుమరుగవుతుంది. అందులో అయిదో దశ సంగీతం ఆడమ్ ఫ్రీలాండ్‌ది. ఆటగాణ్ణి సంగీతకర్త అంటున్న వ్యాసాల్లో ఆ పేరుకు ఎంత చోటు దక్కుతోందో చూడండి.