ఓటమికి దక్కిన చోటు, బకాయికి దక్కలేదు

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొన్నది. 1950లో ఈ నగరంలోనే డ్యూరాండ్ కప్పు గెలిచిన హైదరాబాద్ పోలీసు జట్టును తలచుకొనే కరోల్ బాగ్ తెలుగువారికి ఇది సంతోషించదగిన రాక కాదు.

2022 మార్చిలో ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలిచిన క్లబ్బు 2023-24లో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగుకు చేరింది. తెలుగు దినపత్రికలు ఆ పతనాన్ని దాచలేదు. ఓటములు అచ్చయ్యాయి, ఆటగాళ్ళకు జీతాలు అందలేదన్న సంగతి, కొత్త ఆటగాళ్ళ నమోదుపై ఫిఫా విధించిన నిషేధం కూడా వార్తలైనాయి. అయితే బకాయి ఎంత, బాధ్యులెవరు, 2024లో యాజమాన్యం మారినప్పుడు పాత అప్పు ఎవరి తలకెక్కింది అని వదలక అడిగిన వ్యాసాలు అరుదు. క్లబ్బును నడిపేది కంపెనీ; కంపెనీల వార్షిక పత్రాలను స్వల్ప రుసుముపై ఎవరైనా పరిశీలించవచ్చు. జట్టు ఆడినదా, గచ్చిబౌలిలోని ప్రభుత్వ మైదానంలో. ఫుట్‌బాల్‌కు పాఠకులు లేరన్నది సంపాదకుల సమాధానం కావచ్చు. క్రికెటరు వేలి గాయానికి రెండు కాలములు దొరికే పుటలో ఆ సమాధానం నిలువదు.

అదే క్లబ్బు ఇప్పుడు ఢిల్లీ పత్రికల ఎదుట ఉన్నది. స్కోరుతో పాటు జీతాల పద్దును కూడా అవి అడుగుతాయా అన్నది చూడవలసి ఉన్నది.