లేపాక్షి పైకప్పు పక్షాన

లేపాక్షి వెళ్ళొచ్చినవాళ్ళని ఏం చూశారని అడగండి. ముందు నంది అంటారు, తర్వాత వేలాడే స్తంభం అంటారు. స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇటునుంచి అటు లాగి, ఫొటో దిగి, సంతోషంగా బస్సెక్కేస్తారు. ఆ స్తంభం ఉన్న నాట్యమండపంలోనే, వాళ్ళ నెత్తిమీదే, విజయనగర కాలం నుంచి మనకి మిగిలిన చిత్రకళలోకెల్లా గొప్పది మండపమంతా పరుచుకుని ఉంటుంది. మెడ ఎత్తేవాళ్ళే తక్కువ.

గుడి చరిత్ర చాలామందికి తెలిసిందే. అచ్యుతదేవరాయలు ఏలుతున్న రోజుల్లో (1529–42) పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరుపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ కూర్మశైలం మీద ఈ వీరభద్రాలయాన్ని కట్టించారు. ఖజానా సొమ్ము గుడికి పెట్టాడన్న నింద పడి, రాజు శిక్షించేలోపే విరుపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకి కొట్టాడని చెప్పుకుంటారు. ఆ మరకలంటూ ఒక గోడని చూపిస్తారు కూడా. కథ సంగతి ఎలా ఉన్నా, అన్నదమ్ములిద్దరూ కప్పు మీద ఇప్పటికీ ఉన్నారు. పొడవాటి కుళ్ళాయిలు పెట్టుకుని, పరివారంతో నిలబడి, స్వామి ప్రసాదం అందుకుంటున్నారు. వాళ్ళని అక్కడ నిలబెట్టిన చిత్రకారుల పేర్లు మాత్రం మిగల్లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

పని తీరు చూడండి. దూలాల మీద పరిచిన గరుకు రాతిపలకలకి అడుగువైపున సున్నం, ఇసుక కలిపిన గార పూశారు. దాని మీద పల్చని సున్నపు పూత, ఆ పైన రంగు. ఎర్రమన్ను, పసుపుమన్ను, మసి నలుపు, సున్నపు తెలుపు, కాస్త ఆకుపచ్చ, అంతే. నీలం దాదాపు లేనే లేదు. ఇంత తక్కువ సరంజామాతో, పరంజా మీద మెడ వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి గీసిన గీత అది. కాగితం బల్ల మీద పెట్టుకుని గీసేవాడికే గుండ్రని భుజం దగ్గర చెయ్యి తడబడుతుంది. ఇక్కడ నల్లగీత నుదుటి దగ్గర మొదలై ముక్కు, పెదవి, గడ్డం దాటి మెడలోకి దిగేదాకా ఎక్కడా ఊపిరి పీల్చుకోదు.

కథలు పొడవాటి పట్టీలుగా సాగుతాయి. పార్వతీకల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం, శ్రీరామ పట్టాభిషేకం, శివపార్వతుల పాచికలాట. ఒకచోట నిలబడి చూస్తే అర్థం కావు. పట్టీ వెంబడే నడవాలి, మన నడకతోపాటే కథా నడుస్తుంది. ఆవుదూడని రథం కింద తొక్కించిన కొడుకుకి మరణశిక్ష వేసిన మనునీతిచోళుడి కథ అలా నడుస్తూ చదివితే, న్యాయగంట మోగించిన ఆవు దగ్గర కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. కిరాతార్జునీయంలో అడవిపంది మీదికి దూకుతున్న వేగం చూస్తే, జంతువుని ఇంతగా కనిపెట్టి చూసినవాడు రాజాస్థానంలో కాక అడవి అంచున పెరిగి ఉంటాడనిపిస్తుంది.

కల్యాణ ఘట్టంలో అమ్మవారి చుట్టూ ఉన్న చెలికత్తెల దగ్గర ఎక్కువసేపు ఆగమంటాను. ముఖాలు పక్కకి తిరిగి ఉంటాయి. కోటేరుముక్కు, చెవిదాకా సాగిన కన్ను, వెనక్కి బరువుగా జారిన కొప్పు. ఇప్పుడు చీరలు చూడండి. ఒకామెది గళ్ళు, పక్కామెది అడ్డచారలు, ఆ పక్కామెది చుక్కలూ పువ్వులూ. కుచ్చెళ్ళ దగ్గర చార వంగిన తీరు, పైట భుజం దాటి జారిన తీరు, బట్ట ఎలా పడుతుందో ఎరిగినవాడు తప్ప ఇంకొకడు వేయలేడు. ధర్మవరం నేతగాళ్ళు తమ అంచులకి లేపాక్షి వైపు చూశారంటే ఎందుకు చూడరు మరి! ఆనాటి మన ఆడవాళ్ళు ఏం కట్టారో చెప్పడానికి వంద పుస్తకాలకన్నా ఈ ఒక్క పట్టీ నమ్మకమైన సాక్ష్యం.

గర్భగుడి ముందున్న అర్ధమండపం కప్పుమీద వీరభద్రుడు ఉన్నాడు. పొడవు ఇరవై అడుగులు దాటిన ఒకే ఒక్క రూపం. అంత పొడవున కొలత చెడకుండా, కింద నిలబడ్డ మనిషికి కాలూ తలా పొందిక తప్పకుండా కనిపించాలంటే ఎంత లెక్క కావాలి!

హంపి విరూపాక్షాలయం కప్పే గొప్పదనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నాకు ఎప్పుడూ వాదమే. అక్కడి విద్యారణ్యస్వామి ఊరేగింపు ముచ్చటైనదే, కాదనను. కానీ అక్కడి రంగులు ఎప్పటివన్నదాని మీద పండితులకే ఏకాభిప్రాయం లేదు. గీతలో లేపాక్షి బిగువు అక్కడ లేదు. నేను లేపాక్షి పక్షం, దాచేదేమీ లేదు.

రంగు లేకుండా రాతితోనే కప్పుని పాడించిన ఘనత కాకతీయులది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి రంగమండపంలో నిలబడి పైకి చూడండి. నాలుగు దూలాల చదరానికి నాలుగు మూలలా ఏటవాలుగా పలకలు పేర్చారు. ఖాళీ తగ్గి, కోణం మారి, ఇంకో చిన్న చదరం ఏర్పడింది. దాని మూలలకి మళ్ళీ పలకలు. అలా మెట్టుమెట్టుగా కుదించుకుంటూ వెళ్ళి చివరి ఖాళీని చెక్కిన పలకతో మూశారు. బరువు మోసే ఉపాయమే అలంకారమైంది. దూలాల మీద క్షీరసాగర మథనం, త్రిపురాసుర సంహారం. నల్లరాతిని వెన్నలా మలిచారంటే అది కవుల మాట కాదు, వేలితో తాకి చూసుకోవచ్చు.

ఇక కడుపు మండే సంగతి. లేపాక్షి కప్పులో రంగు చాలాచోట్ల రాలింది. వాన నీరు దిగింది, దీపాల మసి పట్టింది, గార పెచ్చులూడింది. 2022లో ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కింది కాబట్టి నలుగురి కళ్ళయినా పడుతున్నాయి. చిన్న ఊళ్ళ గుళ్ళకి ఆ భాగ్యం కూడా లేదు. నాకు బాగా తెలిసిన ఒక పాత శివాలయంలో మండపం కప్పునున్న రాతితామరకి జీర్ణోద్ధరణ పేరుతో గులాబీరంగు ఎనామిల్ పట్టించారు. రేకుల మధ్య ఉలి దింపిన సన్నని లోతులన్నీ పూడిపోయాయి. కురిసే కప్పుకి డంగు సున్నం మానేసి పైన సిమెంటు పోస్తారు. చెమ్మ బయటికి వెళ్ళే దారి మూసుకుపోయి, కింది గారని ఉబ్బించి రాలగొడుతుంది. కొన్నిచోట్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఫాల్స్ సీలింగు వేసి పాత కప్పుని కనపడకుండానే చేశారు. భక్తి పేరుతో ఇంత విధ్వంసమా!

నేలల గతీ ఇంతే. తమిళనాట చెట్టినాడు ఇళ్ళలో పరిచే ఆత్తంగుడి పలకలు చూసినవాళ్ళకి నా కోపం అర్థమవుతుంది. గాజుపలక మీద ఇనుప చట్రం పెట్టి, అచ్చు గళ్ళలో రంగు కలిపిన సిమెంటు పోసి, పైన పొడి మిశ్రమం చల్లి, గార నింపి, రోజుల తరబడి నీళ్ళలో నానబెడతారు. బట్టీ లేదు, కాల్చడం లేదు. ఆ మెరుపు గాజు ఇచ్చింది, తర్వాత ఇంటివాళ్ళ పాదాలు పెంచింది. అదే డిజైనుని ఇప్పుడు యంత్రం మీద బొమ్మ అచ్చేసి ‘ఆత్తంగుడి మోడల్’ అని అమ్ముతున్నారు. అచ్చేసిన బొమ్మకి లోతు లేదు, పై పొర అరిగిందంటే డిజైనూ పోతుంది. చేత్తో చేసేవాడి కూలి మాత్రం ఆ నకిలీ ధరతో పోటీపడాలి.

లేపాక్షికి పొద్దున్నే వెళ్ళండి. ప్రాంగణం రాళ్ళమీద పడిన ఎండ మండపంలోకి ప్రతిఫలించి కప్పుని వెలిగిస్తుంది. చేతిలో చిన్న అద్దం ఉంచుకుంటే మెడనొప్పి లేకుండా ఎంతసేపైనా చూడొచ్చు. ఫ్లాష్ మాత్రం కొట్టొద్దు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలవాళ్ళు తమ పిల్లల్ని ఏటా కొన్నాళ్ళు ఇక్కడ కూర్చోబెట్టి ఈ గీతల్ని దించమనాలి.

గుడి కమిటీ పెద్దలకి ఒక్క విన్నపం. కప్పుకి రంగులు వేయించాలని తీర్మానం రాసుకునేముందు నిచ్చెన వేయించి పైకెక్కండి. పాత సున్నం ఎక్కడైనా పెచ్చులేచి ఉంటే టార్చి వేసి, దాని కింద ఎర్రమన్ను రంగు గానీ నల్లగీత గానీ ఉందేమో చూడండి. ఉంటే మేస్త్రీని ఆపి, ఆ రోజే పురావస్తు శాఖకి ఉత్తరం రాయండి.